ఊ కొట్టిన మంగోలియా డ్రైవరు

సోమందేపల్లె ఓబిలేష్ పట్టాళంలో చేరి పదహారేళ్లయింది. తుపాకీ పట్టింది తక్కువ, సెలైన్ సీసా పట్టింది ఎక్కువ. ఇప్పుడతను ఆఫ్రికాలో, ఎనిమిది దేశాల వాళ్లు కలిసి గుడారాల్లో నడిపే మిలిటరీ ఆస్పత్రిలో నర్సింగ్ అసిస్టెంటు. దెబ్బలు తగిలినవాళ్లను హెలికాప్టర్లో తెస్తారు. కత్తి పట్టేది జర్మనీ డాక్టరమ్మ, మత్తిచ్చేది నేపాలాయన, రక్తం ఎక్కించేది మనవాడు. ఎర్రదుమ్ము, ఎండ మాత్రం అచ్చం మనవే. తక్కినవాళ్లు ఆ ఎండకు సొమ్మసిల్లుతుంటే ఇతను పొద్దున్నే వాకిట నీళ్లు చల్లి, పరుపులు దులిపి, టీ తాగి హాయిగా తిరుగుతుంటాడు.

ఒకనాడు పది గంటల వేళ గన్‌బోల్డ్ అనే మంగోలియా లారీ డ్రైవరును తెచ్చారు. లారీ బోల్తాపడి తలకు దెబ్బ. స్కానింగులో లోపల కొంచెం నెత్తురు కనిపించింది.

"ఇప్పుడే కోయనక్కరలేదు. పక్కనే కూర్చుని పలకరిస్తూ ఉండు. మాటలో తేడా వస్తే ఆ నిమిషమే నన్ను పిలువు," అని ఓబిలేష్‌కు చెప్పి డాక్టరమ్మ ఇంకో ఆపరేషనుకు వెళ్లింది.

పలకరించడానికి భాష ఏది? ఆ భాష తెలిసిన దుబాసి ఇంకో రోగితో హెలికాప్టరెక్కి పోయాడు. పేరడిగితే గన్‌బోల్డ్ రెండుసార్లు చెప్పాడు, మూడోసారికి విసుగొచ్చి అటు తిరిగి పడుకున్నాడు. అలిగాడో, స్పృహ తప్పుతున్నాడో ఎలా తెలిసేది?

అప్పుడు ఓబిలేష్‌కు చిన్నప్పుడు కథలు చెప్పిన వాళ్లవ్వ సుబ్బరత్నమ్మ గుర్తొచ్చింది. "ఊ కొట్టకపోతే కత నిలిపేస్తా" అనేదామె. ఓబిలేష్ తన గుండె మీద చేయి పెట్టుకుని గలగలా మాట్లాడి చూపించాడు. తర్వాత గన్‌బోల్డ్ గుండె మీద చేయి పెట్టి "ఊ" అన్నాడు. గన్‌బోల్డ్ వింతగా చూసి, నవ్వి, తనూ "ఊ" అన్నాడు.

"ఒగూర్లో ఒగ మేక ఉన్నింది."

"ఊ."

"ఆడ వానల్యాక, మేక మబ్బును ఎతుక్కుంటా మడకశిరకు పోయె."

"ఊ."

ఇంతలో కుందుర్పి నుంచి వచ్చిన వంటమనిషి వీరేష్ టీ తెచ్చాడు.

"ఏమన్నా, ఆయప్పకు తెలుగొస్తాదా?"

"రాదు."

"మరి ఎవురికి చెప్తాండావు?"

"నీకైతే కాదు. టీ ఆడ పెట్టి పో. మేక మీ కుందుర్పికే వస్తాండాది."

"మా ఊరికొస్తే తిరిగిపోదులేన్నా, కూరైపోతాది," అని నవ్వుకుంటూ వెళ్లాడు వీరేష్.

మేక కుందుర్పి కొండెక్కింది. ఊ కొంచెం ఆలస్యంగా వచ్చింది. తోడేలు ఎదురొచ్చింది. ఈసారి ఊ సాగింది, చివర తేలిపోయింది. చిన్నప్పుడు కళ్లు మూతలు పడేముందు ఓబిలేష్ కొట్టిన ఊ కూడా అలాంటిదే. పక్కన మిషనులో అంకెలు బాగానే ఉన్నాయి. టార్చి వేసి చూస్తే ఒక కంటిపాప రెండోదానికన్నా పెద్దదిగా తోచింది. తప్పైతే తిట్లు తిందామని గంట నొక్కి డాక్టరమ్మను పిలిచాడు. ఆమె వచ్చి చూసి, లోపల నెత్తురు పెరిగిందంది. పది నిమిషాల్లో గన్‌బోల్డ్ ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడు.

నాలుగో రోజుకు లేచి కూర్చున్నాడు. తిరిగొచ్చిన దుబాసి చేత, "అంతసేపు నాకేం చెప్పావు?" అని అడిగించాడు. ఓబిలేష్ చెప్పాడు. గన్‌బోల్డ్ కూడా మేకలు కాసే ఇంటి బిడ్డే. తోడేలు వచ్చాక మేక ఏమైందో చెప్పి తీరాలని పట్టుబట్టాడు.

ఓబిలేష్‌కు ఆ కొస గుర్తులేదు. బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మా, అవ్వ చెప్పే మేక కతలో తోడేలు వచ్చినాక ఏమైతాది?"

"దానికా ఫోను? ఆస్పత్రిలో పని ల్యాదా నీకు?" అంది కదిరమ్మ.

"ఇదే పనిమా. చెప్పు."

"నాకేం తెలుసు నాయనా. తోడేలు వచ్చేలోగా నువ్వు నిద్దరపోతాంటివి. మీ అవ్వ ఆడికే నిలిపేస్తాండె. ఆ కత కొస ఎవురూ వినల్యా."

ఓబిలేష్ లోపలికొచ్చి మంచం పక్కకు స్టూలు లాక్కున్నాడు. గన్‌బోల్డ్, దుబాసి, కట్టు చూడటానికి వచ్చిన డాక్టరమ్మ, ముగ్గురూ అతని నోటివైపే చూస్తున్నారు.

"తోడేలుకూ దప్పికైతాండాది," అని మొదలుపెట్టాడు.