పోర్ణమిని ఆపిన ఫిల్టర్

2004 వేసవి చివర నన్ను అనంతపురంలో ఒక విత్తన సహకార సంఘం ప్రధాన కార్యాలయానికి సిస్టమ్స్ ఆఫీసరుగా వేశారు. హోదా పెద్దదే, చేతికింద మాత్రం ఎవరూ లేరు. ఒక గది, ఒక కంప్యూటరు, పడమటి కిటికీ. మేము అద్దెకు తీసుకున్న సర్వరు ఏ దేశంలో ఉందో నాకు తెలియదు. దాని కంట్రోల్ ప్యానెల్ తెరుచుకునేలోపు మబ్బుల్ని చూస్తూ కూర్చునేవాణ్ణి. అవి మా మీదుగా తేలిపోయేవి, ఇంకెక్కడో కురవడానికి. ఆ రోజులు నాకిప్పటికీ సగం కలలాగే ఉంటాయి.

ప్రతి విత్తన కేంద్రానికీ మెయిల్‌బాక్స్ తెరవడం, దానికెంత జాగా ఇవ్వాలో నిర్ణయించడం, స్పామ్ అనే చెత్త మెయిళ్లను వడకట్టడం నా పని. ఇన్ని విత్తనాలు కావాలని కేంద్రం రాసే ఇండెంటు మెయిల్లో వస్తేనే గోదాము నుంచి లారీ కదలాలి. ఫోన్లో అడిగితే చెల్లదు.

ఆ జూన్‌లో జనరల్ మేనేజర్ గారి మెయిల్‌బాక్స్ నిండా బూతు ప్రకటనలు వచ్చిపడ్డాయి. ఆయన ముఖం జేవురించింది. అలాంటి మాట ఉన్న మెయిల్ ఏదీ సంఘం గడప తొక్కకూడదన్నారు. వాటిని విడిగా ఒక ఫోల్డర్లో ఉంచుదామన్నాను. ససేమిరా అన్నారు. వచ్చింది వచ్చినట్టే చెరిపేయమన్నారు. ఆయన చెప్పిన మాటలన్నీ ఫిల్టర్‌లో ఎక్కించాను.

కొన్నాళ్లకు యాడికి అనే ఊరి వైపు మంచి వాన పడింది. అక్కడి కేంద్రం చూసే సరోజమ్మ ఫోన్ చేసింది.

"ఏమప్పా, మెయిల్ మీద మెయిల్ కొడ్తాండా, ఒక్కదానికీ జవాబు ల్యా! ఈడ పదును ఆరిపోతాండాది. చెనిక్కాయలు యాడ?"

చెనిక్కాయలంటే వేరుశెనగ విత్తనం, పదును అంటే విత్తనం మొలవడానికి నేలలో ఉండాల్సిన తడి. ఎర్రనేలలో అది ఎంతోకాలం నిలవదు. మేనేజర్ గారేమో ఆమె అసలు మెయిలే పంపకుండా బుకాయిస్తోందని మెమో రాయిస్తున్నారు. గోరంట్ల కేంద్రం ఇండెంట్లు చక్కగా వస్తున్నాయి కదా అని ఆయన వాదన.

మెయిల్లో పైన ఏం రాసిందో చదవమని సరోజమ్మను అడిగాను. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే కాలం అది. "పోర్ణమి లోపల విత్తనాలు గావల్ల" అని చదివింది. గోరంట్ల వాళ్లు తారీఖు వేస్తారు. యాడికి రైతులు గడువు చెప్పేది పౌర్ణమిని, అమావాస్యను బట్టి. ఆమె వాళ్ల మాటను వాళ్లు పలికినట్టే రాసింది. పి, ఓ, ఆర్, ఎన్. ఆ నాలుగక్షరాలు వరుసగా ఏ మాటలో కనిపించినా మా ఫిల్టర్‌కు అది బూతే.

సంగతి చెప్పాను.

"సందమామకు గూడా బూతు అంటగట్టినారా అన్నా?" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెరిపిన మెయిళ్లు తిరిగి రావు. ఆ మాట విడిగా ఉంటేనే పట్టుకునేట్టు, పట్టుకున్నదాన్ని ఫోల్డర్లో ఉంచేట్టు ఫిల్టర్‌ను మార్చి, ఆమె చేత ఇండెంటు మళ్లీ పంపించాను. మేనేజర్ గారు మెమో చించేసి, లారీకి సంతకం పెట్టారు. సాయంత్రం అది యాడికి వెళ్లే తాడిపత్రి దారి పట్టేసరికి, తూర్పు గుట్టల మీద ఇంచుమించు నిండిన చంద్రుడు వచ్చాడు. లారీ కనుమరుగయ్యేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.

పల్లం చేలల్లో విత్తనం పడింది. మిట్ట చేలల్లో పదును అప్పటికే పోయింది. అక్కడి రైతులు చాలా ఆలస్యంగా ఉలవలు చల్లుకున్నారు. అది తలుచుకుంటే నాకిప్పటికీ బాధే.

ఆ తరువాత సర్వీసులో ఉన్నన్నాళ్లూ, ఏ మాటనైనా ఫిల్టర్‌లో ఎక్కించే ముందు కేంద్రాలకు ఫోన్ చేసి, మీ దగ్గర ఈ అక్షరాలు ఇంకే మాటలో వస్తాయని అడిగేవాణ్ణి. యంత్రం పట్టుకున్నదాన్ని మనిషి చూడకుండా చెరపనివ్వలేదు, ఎవరు చెప్పినా సరే.