పుంగనూరు పెళ్లిలో ఉత్త లైటు

దయ్యాలు లేవని వాదించడం నాకు కాలక్షేపం కాదు. కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో వేదికలెక్కి, అందరి ముందూ నాలుక మీద కర్పూరం వెలిగించి, ఇందులో మహిమ లేదని చెప్పినవాణ్ని. చేతబడి చేసిందని ఒక ముసలమ్మను కొట్టబోతే అడ్డం నిలబడి తిట్లు తిన్నవాణ్ని. చిన్నప్పుడూ నాకు దయ్యాల భయం లేదు, ఇప్పుడూ లేదు. ఇది చదివి ఎవరైనా నన్ను తమ వైపు లెక్కేసుకుంటే వాళ్లతో మళ్లీ వాదానికి సిద్ధం.

అయినా రాస్తున్నాను. అర్థమైనవాటిని మాత్రమే సభల్లో చెప్పుకుంటూ, అర్థం కానిదాన్ని దాచిపెట్టుకోవడం కూడా మోసమే కాబట్టి.

తొంభైల చివర్లో నేను మదనపల్లెలో ఇంటర్ చదివేవాణ్ని. మాది కురబలకోట. ఇంట్లో ప్రతిదానికీ చెయ్యి చాచడం ఇష్టం లేక, బెంగళూరు బస్టాండు దగ్గర మునిరత్నం అనే ఆయన వీడియో షాపులో చేరాను. ముహూర్తాలున్న రోజుల్లో కాలేజీ ఎగ్గొట్టి పెళ్లిళ్లు తీయడం నా పని. భుజం మీద ఆ బరువైన కెమెరా ఎక్కితే మీసం సరిగా రానివాడికి కూడా జనం దారి ఇచ్చేవాళ్లు. పెళ్లికొడుకు తండ్రిని సైతం “జరగండి సార్” అనొచ్చు. ఆ గర్వం నాకు బాగా ఎక్కింది.

మునిరత్నం నాకు నేర్పిన మొదటి విద్య కెమెరా పట్టుకోవడం కాదు, ఉత్త లైటు వేయడం. పెళ్లికొచ్చిన ప్రతివాళ్లూ మమ్మల్ని తీయమంటారు. తీస్తే తాళి కట్టే వేళకు క్యాసెట్టు అయిపోతుంది. తీయకపోతే అలుగుతారు. అందుకని కెమెరా మీదున్న లైటు వెలిగించి, కన్ను ఆనించి, బటన్ మాత్రం నొక్కకుండా కాసేపు నిలబడాలి. వాళ్లు జుట్టు సవరించుకుంటారు, నవ్వుతారు, సంతోషంగా పోతారు.

“లైటు పడితే సాలురా వాళ్లకి. క్యాసెట్టు మన గుట్టు” అనేవాడు మునిరత్నం. మదనపల్లెలో వీడియోలు తీసేవాళ్లందరూ చేసే పనే ఇది. ఎవరికీ తప్పనిపించలేదు. నాకూ అనిపించలేదు.

ఆ రోజు పుంగనూరులో ఒక కల్యాణ మండపంలో పెళ్లి. పగటి ముహూర్తం. మునిరత్నం బి.కొత్తకోటలో ఇంకో పెళ్లికి పోయాడు. పుంగనూరుకు నన్నొక్కణ్నే పంపాడు. ఆ మండపంలో ఉన్న వీడియో కెమెరా ఒక్కటే, అది నా భుజం మీద ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ముహూర్తం దగ్గర పడుతుండగా ఒకావిడ నా చొక్కా పట్టుకుని లాగింది. పేరు గంగులమ్మ, ఊరు రామసముద్రం పక్క పల్లె, పెళ్లికూతురికి అవ్వ వరస. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పటికి ఆమె నాకు తీయమని అడిగే ఇంకో మనిషి, అంతే.

“అబ్బోడా, మా నాగమణి కువైట్లో ఉండాది. ఈ క్యాసెట్టు కాపీ దానికి పంపిస్తారంట. దాంతో రెండు మాటలు సెప్పుకోవల్ల. తియ్యప్పా.”

“ఫోన్లో చెప్పరాదా అవ్వా?” అన్నాను, తప్పించుకోవడానికి.

“ఫోను పక్కింటోళ్లది. నేను మాట్లాడతాంటే ఇల్లంతా సెవులేసుకోని కూర్చుంటారు. ఈడైతే ఈ మేళంలో ఎవురికీ ఇనపడదు. నీకూ, నీ మిషనుకూ తప్ప.”

మండపం పక్కగా ఉన్న స్తంభం దగ్గర ఆమెను నిలబెట్టి లైటు వేశాను. బటన్ నొక్కలేదు. ఆమె కొంగు సర్దుకుని, గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టింది. చాలాసేపే మాట్లాడింది. ఒకసారి నవ్వింది. ఒకసారి కళ్లు ఒత్తుకుంది. నేను మాత్రం ఒక కన్ను పురోహితుడి మీద పెట్టి, తాళిబొట్టు ఎవరి చేతిలో ఉందో చూసుకుంటున్నాను. చివరికి ఆమె అడిగింది:

“పడిందా అప్పా?”

“పడింది అవ్వా” అని చెప్పి వేదిక మీదికి పరిగెత్తాను.

కొన్ని నెలల తర్వాత, ఒక మధ్యాహ్నం, షాపుకు ఒకామె వచ్చింది. అప్పుడే ప్రయాణం నుంచి దిగినట్టు ఉంది. తనే నాగమణి. తల్లి గంగులమ్మ గుండెనొప్పితో పోయిందనీ, తాను పనిచేసే ఇంటివాళ్లు వెంటనే పంపకపోవడంతో చివరిచూపుకు రాలేకపోయాననీ చెప్పింది.

“కడాసారి ఫోన్లో మా యమ్మ ఒకే మాట సెప్పిందన్నా. అంతా వీడియోలో సెప్పినా, సూసుకో అనింది. నాకొచ్చిన కాపీ ఎన్ని మార్లు ఏసినా దాంట్లో మా యమ్మే లేదు. మీ దగ్గర అసలు క్యాసెట్టు ఉంటాదంట గదా. దాంట్లో సూడండి.”

మునిరత్నం నా వైపు చూశాడు. నేను తీయలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. అతనికి అర్థమైంది. కాపీ చేతికిచ్చాక అసలు క్యాసెట్టును చెరిపి ఇంకో పెళ్లికి వాడడం మా అలవాటు. చెరిపేశామని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఇంకా చెరపని ఆ క్యాసెట్టు, అట్ట మీద పెళ్లివాళ్ల పేర్లతో సహా, ఆమె కళ్లెదుటే అరలో ఉంది. మునిరత్నం చేసేదిలేక దాన్ని తీసి వీసీఆర్‌లో పెట్టాడు.

పెళ్లికూతురిని తీసుకొస్తున్న దృశ్యం అయింది. దాని తర్వాత తాళి కట్టే దృశ్యం రావాలి. మధ్యలో ఏమీ ఉండకూడదు.

గంగులమ్మ వచ్చింది.

నాగమణి “అమ్మా” అని టీవీ ముందు నేల మీద కూలబడింది. మునిరత్నం ఊపిరి వదిలాడు, నేను పొరపాటున బటన్ నొక్కేసి ఉంటానని. నేనూ ఒక్క క్షణం అలాగే అనుకున్నాను. ఆ తర్వాత చూశాను.

గంగులమ్మకు ఎదురుగా, తెరలో ఒక పక్కన, నేను ఉన్నాను. గళ్ల చొక్కా, భుజం మీద కెమెరా, దాని మీద వెలుగుతున్న లైటు. రికార్డవుతుంటే ముందువైపు వెలగాల్సిన చిన్న ఎర్ర దీపం ఆరిపోయి ఉంది. మునిరత్నం కూడా అది చూశాడు. నా తల వేదిక వైపు తిరిగి ఉంది. గంగులమ్మ కళ్లు నా కెమెరా వైపు లేవు. మమ్మల్నిద్దరినీ తీస్తున్న ఇంకో కెమెరా ఉండాల్సిన చోటి వైపు, అంటే తిన్నగా టీవీ ముందున్న నాగమణి వైపు చూస్తూ మాట్లాడుతోంది.

శబ్దం లేదు. ముందు దృశ్యంలో మేళం వినబడింది, తర్వాత దృశ్యంలోనూ వినబడింది. ఆమె పెదవులు కదులుతున్నంతసేపూ మాత్రం ఏమీ లేదు. టీవీ శబ్దం పెంచినా లేదు.

తర్వాత నేను చేయగలిగిన పరీక్షలన్నీ చేశాను. పుంగనూరుకు పోయి ఆ మండపం చూశాను. అద్దం ఎక్కడా లేదు. ఉన్నా అక్షరాలు తిరగబడాలి. మా వెనుక థర్మాకోల్ మీద రాసిన పెళ్లివాళ్ల పేర్లు తెర మీద తిన్నగానే ఉన్నాయి. ఇంకెవరైనా కెమెరా తెచ్చారా అని పెళ్లివాళ్లను అడిగాను. లేదన్నారు. తెచ్చినా ఆ బొమ్మ నా కెమెరాలోని క్యాసెట్టు మీదికి ఎలా వస్తుంది? మునిరత్నం నాకు చెప్పిన పరిష్కారం ఒక్కటే: “ఎవురితోనూ అనొద్దురా. పెండ్లోళ్లు మన షాపు గడప తొక్కరు.”

కానీ ఆ మధ్యాహ్నం ఇవేవీ నాగమణికి పట్టలేదు. దీపం ఆరిందా వెలిగిందా ఆమెకు తెలియదు. ఆమె తెర మీద నన్ను మాత్రం చూసింది. వెనక్కి తిరిగి అడిగింది:

“నువ్వే గదప్పా, అంత దగ్గర నిలబడుకోని ఉండావు. ఏం సెప్పింది మా యమ్మ?”

ఆ రోజు నేను ఒక్క మాటా చెవిన పెట్టలేదు. ఆమె ముఖం చూసి ఊరుకోలేక, “నువ్వు బాగుండాలని చెప్పిందక్కా. వేళకు తినమని, ఆరోగ్యం చూసుకోమని...” అన్నాను.

నాగమణి ఏడుస్తూనే నవ్వింది. “మా యమ్మ అట్ల మాట్లాడే మనిషి కాదప్పా. తిట్టుంటాది. ఏమని తిట్టిందో అదన్నా సెప్పు.”

నేను తల దించుకున్నాను. ఆమె ఆ క్యాసెట్టు తీసుకుని వెళ్లిపోయింది.

నేను ఆ పని ఎక్కువ రోజులు చేయలేదు. చదువు అయ్యాక కుప్పంలో ఉద్యోగం వచ్చింది, అక్కడే హేతువాదుల సభల్లో చేరాను. చాలా ఏళ్ల తర్వాత, ఒక సాయంత్రం సభలో, చచ్చినవాళ్లు తిరిగొస్తారనే నమ్మకాన్ని నా అలవాటు ప్రకారం చీల్చి చెండాడాను. జనం చప్పట్లు కొట్టారు. కిందికి దిగుతుంటే ఒకామె ఎదురొచ్చింది. జుట్టు నెరిసింది కానీ నాగమణిని గుర్తుపట్టాను. కొడుకు కుప్పంలో చదువుతున్నాడట, చూడడానికొచ్చిందట. క్యాసెట్టు బూజు పట్టి బొమ్మ కూడా పోయిందని చెప్పింది. నా ఉపన్యాసం గురించి ఒక్క మాట అనలేదు. ఆ బొమ్మ ఎలా వచ్చిందని కూడా అడగలేదు.

“ఏమన్నా గుర్తుకొచ్చిందా అప్పా?” అంది.

లేదన్నాను.

ఆ బొమ్మ ఎలా పడిందో నాకు ఈరోజుకీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఏదో ఒకనాడు ఎవరైనా కారణం కనిపెట్టి చెబితే, నా వాదం నిలబడిందని సంతోషిస్తాను కూడా. కానీ గంగులమ్మ మాటల్లో వింత ఏమీ లేదు. బతికున్న మనిషి, పట్టపగలు, నా చెవికి మూరెడు దూరంలో నిలబడి చెప్పింది. వినడానికి అక్కడ నేనొక్కణ్నే ఉన్నాను.