రేక పట్టినవాడికి పోసే చెయ్యి

మొన్న ఆదివారం మా అల్లుడు శామీర్‌పేట మీదుగా వస్తూ, రోడ్డు పక్కన ఎవరో అమ్ముతుంటే ఆగి, తాటిముంజలూ, నీళ్ళ సీసా నిండా కల్లూ పట్టుకొచ్చాడు. గిలాసు తేవాల్నా మామా అని అడిగాడు. నేను వద్దని, ముంజలు చుట్టి తెచ్చిన పచ్చి తాటాకును విప్పి, తడి గుడ్డతో తుడుస్తూ కూర్చుంటే, ముసలాయనకు ఏదో అయిందనుకున్నాడేమో, నవ్వుకుంటూ తన పనిమీద తాను వెళ్ళిపోయాడు. ఇంట్లో ఎవరూ లేరు. ఆ ఆకు వాసన నన్ను నలభై ఏళ్ళు వెనక్కి, మా అత్వెల్లి కల్లు మండువలోకి తీసుకుపోయింది.

మండువ అంటే నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. ఇప్పటివాళ్ళు తాగుబోతుల అడ్డా అనుకుంటారు గానీ, పొద్దు వాలే వేళకు ఊరు ఊరంతా కలిసే చోటు అది. కలుపుతీతకు పోయిన ఆడవాళ్ళు, తాపీ మేస్త్రీలు, శామీర్‌పేట చెరువులో చేపలు పట్టి వచ్చేవాళ్ళు, అందరూ తాటిచెట్ల కింద ఇసుకలో కూలబడి, ఉడికించిన సెనగ గుడాలు నములుతూ, రేపు ఎవరి చేనుకు ఎవరు పోవాలో, ఎవరి పిల్లకు ఏ ఊరి సంబంధం కుదురుతుందో అక్కడే తేల్చుకునేవాళ్ళు. ఆ మండువకు పెద్ద, మేమంతా గౌండ్ల తాత అని పిలిచే గీతకార్మికుడు. నడుముకు మోకు బిగించి, కత్తి వెనక చెక్కుకుని, కాళ్ళకింద ఏ ఆధారమూ లేని ఆ నున్నటి మానును పట్టుకుని ఆయన పైకి పోతుంటే, కింద మాటలు వాటంతటవే ఆగిపోయేవి. రోజూ చూసేదే అయినా రోజూ తలెత్తి చూసేవాళ్ళం. అంత ఎత్తున, గాలికి ఊగే చెట్టు మీద, ఒక చేత్తో కల్లు లొట్టి దించుతూ మరో చేత్తో గీత గీసే ఆ మనిషిని తలచుకుంటే ఇప్పటికీ నా తల పైకి లేస్తుంది.

అక్కడ గ్లాసులు ఉండేవి కావు. లేత తాటాకును దొన్నెలా మడిచి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టి నోటి దగ్గర పెట్టుకుంటే అదే రేక. ఇంకొకరు లొట్టి వంచి పోస్తే మనం తాగాలి. దానికో కట్టుబాటు కూడా ఉంది, ఒకసారి రేక పట్టినవాడు తాగకుండా దాన్ని కింద పెట్టకూడదు. అందులో ఎంత తెలివి దాగి ఉందో ఆ రోజుల్లో నాకు తెలిస్తేగా! అప్పుడే జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో నౌకరీ దొరికిన పొగరు నాకు. మొదటి జీతంతో డజను గాజు గ్లాసులు కొని, ఆకుల్లో తాగడమేమిటి, శుభ్రంగా తాగండి అని ఊరిని ఉద్ధరించినవాడిలా మండువలో పంచిపెట్టాను. జనం మురిసిపోయారు. గౌండ్ల తాత మాత్రం గ్లాసును వెలుతురుకు పెట్టి అటూ ఇటూ చూసి, మంచిగున్నది బిడ్డా అని ఊరుకున్నాడు.

ఆ ఎండాకాలమే మా నాయినకూ, పెద్దనాయినకూ మాటలు పోయాయి. ఇద్దరివీ పక్కపక్క ద్రాక్షతోటలు, నడుమ గట్టు, ఇద్దరికీ కలిపి ఒకటే బావి, ఒకటే మోటరు. ఒకరోజు ఒకరిది, మరునాడు మరొకరిది వంతు. నాయిన వంతు రోజున కరెంటు రాలేదు. మరునాడు పెద్దనాయిన వంతులో వచ్చింది, నాయిన ఆగలేక, అడగకుండానే మోటరు వేసుకున్నాడు. పెద్దనాయిన చూశాడు. స్టార్టరు డబ్బాకు తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. గుత్తులు అప్పుడప్పుడే నీరు పట్టే రోజులవి. వారం తిరిగేసరికి మా పందిరి కింద ఆకులు ముడుచుకుపోయాయి. నాయిన పొద్దున లేచి తోటలోకి పోయి, గుత్తులను చేత్తో తడిమి, వచ్చి అరుగుమీద కూర్చునేవాడు. ఇంకో నాలుగు రోజులు నీళ్ళు లేకపోతే తోట దక్కదని మా ఇంట్లో అందరికీ తెలుసు, అడగడానికి పోవడం మాత్రం నాయినకు చేతకాలేదు.

చివరికి నేనే పెద్దనాయిన కాళ్ళావేళ్ళా పడి, ఇద్దరినీ ఒక సాయంత్రం మండువకు రప్పించాను. రప్పించి, నా అతితెలివి కొద్దీ, ఇద్దరి చేతుల్లో చెరొక గ్లాసు పెట్టాను. ఏముంది, ఎవరి గ్లాసు వారు పట్టుకుని, ఎవరి పోత వారు పోసుకుని, ఒకరు మెదక్ వైపు, ఒకరు పట్నం వైపు ముఖాలు తిప్పుకుని తాగసాగారు. ఎవరికీ ఎవరితోనూ అవసరం లేకపోయింది. పెద్దనాయిన గ్లాసు ఖాళీ చేసి, పోయొస్త అని లేవబోయాడు.

అప్పుడే చెట్టు దిగి వచ్చాడు గౌండ్ల తాత. ఛాతీకి మాను గీరిన చారలు, చేతిలో నురుగు కక్కుతున్న లొట్టి. వచ్చి, నా గ్లాసులు రెండూ తీసి పక్కన పెట్టాడు. ఒక ఆకు కోసి, మడిచి, గిది పొద్దటాల లొట్టి గాదు పటేలా, కొత్త చెట్టుది అంటూ పెద్దనాయిన చేతుల్లో పెట్టాడు. కొత్త చెట్టు కల్లును కాదనేవాళ్ళు మా ఊళ్ళో లేరు. పెద్దనాయిన రెండు చేతులా రేక పట్టి తల వంచాడు. తాత ఆ లొట్టిని తీసుకెళ్ళి మా నాయిన చేతిలో పెట్టాడు.

పెద్దనాయిన రేక కింద పెట్టడానికి లేదు, పోసుకోవడానికి చెయ్యి లేదు. తల వంచి తమ్ముడి ముందు అలా కూర్చున్నాడు. నాయిన లొట్టి ఎత్తి, పోయలేక మళ్ళీ దించాడు. అప్పుడు తాత, ఎవరితోనో అన్నట్టు, మెల్లగా అన్నాడు.

"పైకెళ్ళి జూస్తే మీ రెండు తోటల నడుమ గట్టు కానరాదు బిడ్డా. ఒక్కటే పందిరి తీరు కానొస్తది. ఇగో, ఇప్పుడే జూసొస్తున్న, సగం ఎండుతాంది."

నాయిన వంగి పోశాడు. సగం రేకలో పడింది, సగం పెద్దనాయిన గుండెల మీద ఒలికింది. పెద్దనాయిన గటగటా తాగి, మూతి తుడుచుకుని, నాయిన ముఖంలోకి చూశాడు.

"ఏందిరా, పోసుడు గూడ మర్చినవా?"

అని, మొలతాడు నుంచి తాళంచెవి విప్పి నాయిన జేబులో వేశాడు. జల్దీ పో, కరెంటు ఉన్నది అన్నాడు. నాయిన కదల్లేదు. పెద్దనాయిన అదే రేకను తమ్ముడి చేతుల్లో పెట్టి, తానే పోశాడు. మా తోట బతికింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, గ్లాసులను మాత్రం ఎవరూ వదల్లేదు. ఎప్పుడంటే అప్పుడు, ఎవరితోనూ పనిలేకుండా తాగొచ్చు కదా. రేక పట్టేవాళ్ళు ఏటికేడాది తగ్గిపోయారు. తాత పోయాక చెట్టెక్కే మనిషి లేడు, ఆ తర్వాత చెట్లూ లేవు. మండువ ఉన్నచోట ఇప్పుడు విల్లాల గోడ, దానికి ఆనుకుని ఏసీ బారు. పక్క బల్లమీదివాడు ఎవరో తెలియకుండానే తాగి లేచిపోయే ఏర్పాటు. దానికి మొదటి డజను గ్లాసులు కొన్నది నేనే కదా అని నా మీద నాకే కోపం వస్తుంది.

తోటలు అమ్మేటప్పుడు పెద్దనాయిన కొడుకు, నా అన్న, నన్ను అడగకుండా ముందుగా సంతకం పెట్టాడని నేను నోరు జారాను. మూడేళ్ళయింది మాటల్లేక. ఇద్దరం గాజులరామారంలోనే ఉంటాం, నడుమ రెండు వీధులు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఫోను చూసుకుంటాం. మమ్మల్ని పట్టి కూర్చోబెట్టే మండువ ఏది, చెట్టు మీదనుంచి చూసి చెప్పే మనిషేడి?

ఇదంతా తలచుకుంటూనే ఆకు మడిచాను. చేతులు మరిచిపోలేదు, చక్కటి రేక కుదిరింది. రెండు కొసలూ పట్టుకుని నోటి దగ్గర పెట్టుకున్నాను. సీసా బల్లమీద ఉంది. దాన్ని అందుకోవడానికి నాకు చెయ్యి లేదు, కింద పెడదామంటే కట్టుబాటు ఒప్పుకోదు. చివరికి రేకను విప్పకుండానే ఒక చేత పట్టుకుని, సీసాను చంకలో ఇరికించుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టాను. అన్న ఇల్లు రెండు వీధులే.