అన్నయ్య పంపిన పసరు

కాలేయ కణాల మీద ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. గురజాలలో మా బంధువులకు నేను లివర్ డాక్టర్ని. కాదని చెప్పడం ఎప్పుడో మానేశాను. నేను చూసేది మనుషుల్ని కాదు, ప్లాస్టిక్ గిన్నెల్లో పెంచే కణాల్ని. ఒంట్లో ఉన్నంతకాలం ఎంతో చాకిరీ చేసే ఈ కణాలు గిన్నెలో పెట్టిన నాలుగు రోజులకే తాము కాలేయమన్న సంగతి మరిచిపోతాయి. గుర్తుచేయడమే నా వృత్తి. ఇప్పటికి ఆ నాలుగు రోజుల్ని పదకొండు చేశాను. అందుకు ఒకసారి శాలువా కూడా కప్పారు.

పోయిన వేసవిలో అన్నయ్యకి కామెర్లు వచ్చాయి. ఆయనకి గురజాలలో సిమెంటు, ఇనుము కొట్టు ఉండేది. రెంటచింతల దగ్గర ఒక పెద్దాయన పసరు పోస్తాడని ఫోన్లో చెప్పాడు. మూడు ఆదివారాలు పరగడుపున తాగాలి. ఉప్పు, నూనె తగలకూడదు. ఆకు పేరు మాత్రం పెద్దాయన చెప్పడు. చెబితే మందు పనిచెయ్యదట.

ఇందులో నాకు వింతేమీ కనిపించలేదు. మా ల్యాబ్‌లోనూ వ్యాసం అచ్చయ్యేదాకా ఎవరి ఆకు పేరు వాళ్ళు దాచుకుంటారు. పైగా చాలా కామెర్లు వాటంతట అవే తగ్గుతాయి. తగ్గేటప్పుడు పక్కన ఎవరు నిలబడి ఉంటే పేరు వాళ్ళది.

ముందు నరసరావుపేట వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోమన్నాను. సరేలే అన్నాడు. అక్కడితో ఫోన్ పెట్టేయవలసింది. కానీ ఆ ఆకేమిటో తెలుసుకోవాలనిపించింది.

"అన్నయ్యా, ఆ పసరు కొంచెం సీసాలో పట్టి పంపుతావా?"

"దేనికే?"

"ఊరికే, ల్యాబ్‌లో చూద్దామని."

"చూశావా! నీక్కూడా దాని మీద గురి కుదిరింది."

"గురి కాదు. నువ్వు ముందు ఆ రక్తపరీక్ష..."

"చేయిస్తాలేవే. ఈ మూడు వారాలు కానీయ్."

నవ్వి ఊరుకున్నాను. సీసా బస్సులో భద్రంగా వచ్చింది.

అటు కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ అన్నయ్య ఒకటే మాట చెప్పాడట. "మా చెల్లెలు లివర్ సైంటిస్టు. ఆమే అడిగి మరీ తెప్పించుకుంది. ఇంక నాకు ఆస్పత్రి ఎందుకు?" రోజూ ఆస్పత్రికి పోదామని పోరుతున్న వదిన, ఆ మాటతో నోరు మూసుకుంది. మా ఇంట్లో విజ్ఞానశాస్త్రానికి అంత విలువ దక్కడం అదే మొదటిసారి.

మూడో ఆదివారం పసరు తాగి వచ్చిన అన్నయ్య, తాళంచెవి చేతిలో పట్టుకుని, దాన్ని ఏం చెయ్యాలో తెలియక కొట్టు ముందు నిలబడిపోయాడు. కాలేయం పూర్తిగా చెడితే మతి అలాగే తప్పుతుంది. గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. "ఇన్నాళ్ళూ ఏం చేశారు?" అన్నాడు డాక్టరు. నాలుగో రోజు అన్నయ్య పోయాడు.

పెద్దకర్మ నాటికి బంధువులు కారణం కనిపెట్టేశారు. చప్పిడి కూడు తినలేకపోతున్నాడని, రెండో వారంలో వదిన మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసిందట. పథ్యం చెడింది, మనిషి పోయాడు. మా సిద్ధాంతాలేవీ అంత త్వరగా, అంత మంది ఆమోదం పొందలేదు. నేను శాస్త్రజ్ఞురాలిని కనుక, ఆధారాలు చేతికి రాకుండా మాట్లాడకూడదని విస్తరి ముందు తల వంచుకుని తిన్నాను.

తిరిగి వెళ్ళాక పసరును కణాల మీద పోసి చూశాను. మూడుసార్లు చూశాను. ఒక్క కణం చావలేదు, ఒక్కటీ బాగుపడలేదు. అచ్చుకు పనికిరాని ఫలితం.

ఆ వారమే వదిన ఫోన్ చేసింది.

"అమ్మాయ్, నిజం చెప్పు. ఉప్పు వల్లేనా?"

"ఉప్పు వల్ల కాదు వదినా. పసరు వల్ల కూడా కాదు. ఆస్పత్రికి వెళ్ళకుండా పోయిన ఆ రోజుల వల్ల. నేను సీసా అడగబట్టే అన్నయ్య వెళ్ళలేదు."



"నాకు తెలుసులే. ఆ మాటేదో పెద్దకర్మ నాడే అనుంటే, మీవాళ్ళు నన్ను మొగుణ్ణి చంపినదాన్ని చేసేవాళ్ళు కాదుగా. ఆదివారం మీ పెదనాన్న ఇంట్లో అందరూ ఉంటారు. వచ్చి చెప్పు."

వెళ్ళాను. వరండాలో మంచాల మీద పదిమంది దాకా ఉన్నారు. వదిన ఒక్కతే వంటింటి గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది.

"రామ్మా. ఏమొచ్చింది నీ పరీక్షలో?" అన్నాడు పెదనాన్న.

నాకోసం కుర్చీ వేశారు. నేను వెళ్ళి వదిన పక్కన కూర్చుని, సీసా అడిగిన రోజు నుంచి మొదలుపెట్టాను.