గోడల డాక్టరు గారు

గోడల డాక్టరు గారికి గోడ కనిపిస్తే చాలు, అరచెయ్యి ఆనించనిదే అడుగు ముందుకు పడదు. ఆనించి, కళ్ళు సగం మూసి, "చెమ్మ ఎక్కడిదాకా దిగిందో!" అని బెంగపడేవారు.

స్నేహితుడొకాయన కొత్త ఇల్లు చూపిస్తుంటే అందరూ ఆహా ఓహో అంటున్నారు. ఈయన మాత్రం పడగ్గది మూల గోడకు ముక్కు ఆనించి నిలబడ్డారు. "ఎలా ఉందిరా ఇల్లు?" అని ఆయన ఆశగా అడిగితే, "వానలు పడ్డాక చెబుతాలే" అన్నారు. ఆ స్నేహితుడు మళ్ళీ పిలవలేదు.

నిజానికి ఆయన పని ఆస్పత్రి ల్యాబులో, మైక్రోస్కోపు ముందు. ఆపరేషన్ చేసి తీసిన ముక్కలు చూసి, క్యాన్సర్ జీర్ణాశయం గోడలో ఎంత లోతుకు పోయిందో చెప్పాలి. ఆ ముక్కల్ని మైనంలో దిమ్మకట్టి, పల్చటి పొరలుగా కోసి స్లైడ్ల మీదకు ఎక్కించేది టెక్నీషియన్.

"అదేం కత్తి పట్టుకుని రాదమ్మాయ్," అని టీ తాగుతూ పాఠం మొదలెట్టేవారు. "క్యాన్సర్ కణాలు ఎంజైములు వదుల్తాయి. కణాల మధ్య అల్లిక ఉంటుంది చూశావూ, దాన్ని కరిగించి సందు చేసుకుంటాయి. పొర తర్వాత పొర. రక్తనాళంలో పడ్డాయా, ఒళ్ళంతా వాటిదే!"

"పాడు ఎంజైములు!" అనేది టెక్నీషియన్.

"తిట్టకు. నీ వేలు తెగితే మానేది కూడా వాటి సాయంతోనే. మంచివే పాపం, సావాసం చెడింది."

ఇంతవరకూ భరించవచ్చు. కానీ ఉన్నట్టుండి ఎవరో ఒకర్ని గోడలు చూడ్డానికి తరిమేవారు. ఒకసారి టైపిస్టును, ఒకసారి కాపలాదారును. పెద్దాయనకు చాదస్తం ముదిరిందని అందరూ నవ్వుకున్నారు.

టెక్నీషియన్ అన్నయ్యకు జీర్ణాశయం ఆపరేషన్ అయింది. జబ్బు లోతుకు దిగిందో లేదో ఆ దిమ్మే చెప్పాలి. దాన్ని కోయాల్సిన రోజు ఆమె అందరికన్నా ముందొచ్చి కోసే యంత్రం తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది.

"అమ్మాయ్, మేడమీద స్టోరుగది గోడ చెమ్మెక్కింది. పెచ్చు గీకి, ఎక్కడిదాకా దిగిందో చూసిరా."

"ఇవాళేనా సార్?" ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"చెమ్మ సెలవు తీసుకుంటుందా? వెళ్ళు."

గోడను తిట్టుకుంటూ, ఆయన్ని అంతకన్నా ఎక్కువ తిట్టుకుంటూ మధ్యాహ్నం దాకా గీకింది. ఒళ్ళంతా సున్నంతో దిగి వచ్చింది.

"ఎక్కడిదాకా దిగింది?" మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే అడిగారు.

"పైపూత వరకే. ఇటుక గట్టిగానే ఉంది."

"మీ అన్నయ్యదీ అంతేనమ్మా. పై పొరలోనే ఆగింది, కండరం దాకా పోలేదు. చుట్టూ ఉన్న గ్రంథులూ శుభ్రం. నువ్వే చూసుకో."

ఆమె స్టూలు మీద కూలబడి ఏడ్చింది. కళ్ళు తుడుచుకున్నాక యంత్రం కనిపించింది. చుట్టూ మైనపు తురుము కుప్పలు, మొండిబారిన బ్లేడ్లు, ముడతలు పడ్డ పొరలు.

"మీరు కోశారా సార్?"

"సొంత అన్నయ్యది నీచేత కోయిస్తానా? బ్లేడ్లన్నీ పాడుచేశాను. కావాలంటే తిట్టు."

ఆమె లేచి తురుమంతా ఊడ్చి, మొండి బ్లేడ్లు ఏరి పారేసింది. సాయంత్రం టైపిస్టుకు చెబితే అతను నోరు వెళ్ళబెట్టాడు. "మా అమ్మ రిపోర్టు టైపుకొచ్చిన రోజే నన్ను మెట్లకింద గోడకు తోలారు! మన కాపలా మామను పంపింది కూడా వాళ్ళావిడ ముక్క వచ్చిన రోజే కదూ!" ఆయన చేసిన మేలుకు ఎలా కృతజ్ఞత చెప్పుకోవాలో ఇద్దరికీ తోచలేదు.

కొన్నాళ్ళకు ల్యాబులో పనిచేసే ఆయా భర్త ముక్క వచ్చింది. డాక్టరు గారు గొంతు సవరించుకునేలోగా టెక్నీషియనే అందుకుంది.

"ఆయమ్మా, వెనక వరండా గోడ చెమ్మెక్కిందట. కాస్త చూసిరావూ?"

ఆయా గొణుక్కుంటూ వెళ్ళింది. డాక్టరు గారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"వెనక వరండానా? మొన్నే చూశానే, పొడిగానే ఉంది!"

"మీరు సరిగ్గా చూసుండరు సార్," అని ఆమె యంత్రానికి కొత్త బ్లేడు బిగించింది.