పదకొండు మంది పట్టే బండి

మైలాపూరులో మేము ఎప్పుడూ టిఫిను చేసే హోటల్లో ఈ మధ్య సాంబారు రెండోసారి రావడం మానేసింది. ఒకప్పుడు బకెట్ పట్టుకున్న మనిషి వద్దన్నా పోసేవాడు. ఇడ్లీ మునగాలా, తేలాలా అన్నది ఆయన నిర్ణయం. మనకు అందులో ప్రమేయం ఉండేది కాదు. ఇప్పుడు దగ్గు మందు గ్లాసంత గిన్నెలో ఇచ్చి వెళ్ళిపోతున్నారు. ఇంకొంచెం కావాలంటే "వస్తుంది సార్" అంటారు. రాదు. రాదని వాళ్ళకూ తెలుసు, మనకూ తెలుసు. అయినా సగం ఇడ్లీ ఆపుకొని వంటగది వైపు చూస్తూ కూర్చుంటాం.

మా తమ్ముడు ఆ బండి మాట మొదట ఎత్తింది నేనలా చూస్తూ కూర్చున్నప్పుడే. అందుకని మొదటి రెండు నిమిషాలు నేను సరిగా వినలేదు. వినలేదన్న సంగతి తర్వాత నాకు బాగా అక్కరకొచ్చింది.

"కారు వెనకాల తగిలించుకొని లాక్కపోయే ఇల్లన్నా. లోపలే మంచాలు, స్టవ్వు, బాత్రూము, ఏసీ. మన పదకొండు మందికీ పడతాది. ఊఁ అను, పోయి చూసొద్దాం."

"పదకొండు మందిమీ కలిసి యాడికి పోతాంరా?"

"యాడికైనా. కాళహస్తి, తిరుత్తణి, ఏర్కాడు కొండ... ఇల్లే మన వెనకాల వస్తావుంటే యాడికైతే ఏం?"

మాది ప్రయాణాల కుటుంబం కాదు. మా పెద్దలు ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి ఈ ఊరొచ్చారు. ఆ ఒక్క ప్రయాణంతోనే అలసిపోయినట్టున్నారు. నాకు తెలిసి ఇంటిల్లిపాదీ కలిసి ఊరు దాటింది ఒక్కసారి. కాంచీపురంలో పెళ్ళికని వ్యాన్ కట్టించుకొని బయల్దేరాం. శ్రీపెరుంబుదూరు దగ్గర ఎవరికో గ్యాస్ కట్టేశామా లేదా అన్న అనుమానం వచ్చింది. వెనక్కి వచ్చాం. కట్టే ఉంది. అటువంటి ఇంట్లో ఏర్కాడు అన్న మాట వినబడితే ఎవరికైనా చెవులు నిక్కబొడుచుకుంటాయి.

ముఖ్యంగా మా మేనత్తకు.

మా ఇంట్లో గదులు నాలుగు. వీధి వైపు కిటికీ ఉన్న ముందు గది ఆమెది. ఆ కిటికీ పక్కన కుర్చీ వేసుకొని కూరగాయల బండితో, పాలవాడితో, కార్పొరేషన్ వాళ్ళతో వ్యవహారాలన్నీ ఆమె కూర్చున్న చోటినుంచే నడుపుతుంది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. మా అమ్మ ఏడాదిలో సగం ఆసుపత్రిలో గడిపిన కాలంలో మా అన్నదమ్ములిద్దరికీ తల దువ్వి బడికి పంపింది ఆమే. ఉద్యోగ ప్రభావమో ఏమో, సగం మాట వింటే మిగతా సగం ఆమే పూర్తి చేస్తుంది. సాధారణంగా మనం చెప్పదలచుకోనిది ఆ మిగతా సగంలోనే ఉంటుంది.

వచ్చే మాఘంలో మా అబ్బాయి పెళ్ళి. కోడలు ఈ ఇంటికే వస్తుంది. కొత్త దంపతులకు ఒక గది కావాలి. ఐదో గది లేదు. ఈ సంగతులన్నీ మా ఇంట్లో అందరికీ తెలుసు. వాటిని కలిపి ఒకే వాక్యంలో చెప్పినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. ముందు గది గురించి నాతో ఎవరూ ఏమీ అనలేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. నేను ఎవరినీ అడగలేదన్నది కూడా అంతే నిజం.

బండి సంగతి ఆ సాయంత్రం కాఫీల దగ్గర తమ్ముడే ఆమెకు చెప్పాడు. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"ఈ ఇంట్లో ఎవరికిరా ఊళ్ళు తిరిగే రోగం?"

"నీకే అత్తా! ఎన్నాళ్ళుగా కాళహస్తి కాళహస్తి అంటావుండావు. హోటల్ బాత్రూములు నీకు సరిపడవు గదా. ఇదైతే మన బాత్రూమే."

"కాళహస్తికి బస్సుండాది."

"బస్సులో బాత్రూము ఉంటాదా?"

"ఆమా, అదొకటి," అని ఆమె ఒప్పుకున్నట్టే తల ఊపింది. ఆమె ఒప్పుకున్నప్పుడే జాగ్రత్తగా ఉండాలని చిన్నప్పటి నుంచీ మాకు తెలుసు.

ఆ వారంలోనే మూడు విషయాలు జరిగాయి. ఇంటి పక్కన పాత సామాను తప్ప కారు ఎన్నడూ నిలబడని కారు షెడ్డును తమ్ముడు ఖాళీ చేయించాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి ఆ షెడ్డులో ఏసీకి సరిపడే ప్లగ్గు పెట్టి వెళ్ళాడు. మా ఆవిడ ముందు గదిలో ఒక గోడను టేపు పట్టి కొలిచింది.

అత్త కిటికీ దగ్గర నుంచి కదలకుండా అడిగింది. "ఏం కోడలా, గోడ పెరిగిందా?"

"లేదత్తా, ఊరికే... బీరువా ఏదైనా పడతాదేమోనని."

"నాకుండే నాలుగు చీరలకు కొత్త బీరువా ఎందుకమ్మా?"

మా ఆవిడ టేపు చుట్టుకొని వచ్చి నావైపు చూసింది. నేను పేపర్లో వాతావరణ సూచన చదువుతున్నాను. ఎండ కాస్తుందట.

బండి ఎంపిక బాధ్యత నాకు అప్పగించారు. కారణం నా ఉద్యోగం. షోళింగనల్లూరులో ఒక కంపెనీలో, ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా పని. ఇరవై ఏళ్ళుగా జీతం తీసుకొని అనుమానిస్తున్నాను. జీతం లేని చోట కూడా ఆ అలవాటు పోదు. పెళ్ళిచూపుల్లో బజ్జీ బాగుందంటే బయటినుంచి తెప్పించారా అని అడిగిన మనిషిని.

మొదట చూసింది మా ఆఫీసు దగ్గరే, అపార్టుమెంట్ల కింద ఒక కుర్రాడు అమ్మకానికి పెట్టినది. గుడ్డు ఆకారంలో ముద్దుగా ఉంది. లోపల ఒకే మంచం. నలుగురు పడుకోవచ్చన్నాడు. ఎలా అని అడిగితే, "ఒకరికొకరు బాగా తెలిసినవాళ్ళయితే పడుకోవచ్చు సార్," అన్నాడు. మా ఇంట్లో ఒకరికొకరం మరీ ఎక్కువగా తెలుసు. వద్దన్నాం.

రెండోది ఊరికి ఉత్తరాన మనలిలో ఉందని తెలిసింది. రిఫైనరీ దాటాక, కంటైనర్ లారీలు నిలిపే ఒక పెద్ద యార్డులో. ఆదివారం పొద్దున నేనూ తమ్ముడూ బయల్దేరబోతుంటే అత్త చెప్పులేసుకొని కారు పక్కన నిలబడి ఉంది.

"ఎండ అత్తా, ఆడ గ్యాసు కంపు కూడా..."

"పదకొండు మందిలో నేనూ ఒకతెనే గదరా?" అని ముందు సీట్లో కూర్చుంది.

దారంతా ఆమె రోడ్డు పక్క బోర్డులు చదువుకుంటూ కూర్చుంది. తమ్ముడు మాత్రం ఏర్కాడు చలి గురించి, అక్కడి మిరియాల గురించి తిరువొత్తియూరు దాటేదాకా చెబుతూనే ఉన్నాడు. వాడు ఏర్కాడు ఎన్నడూ వెళ్ళలేదు.

యార్డు మనిషి యాభై ఏళ్ళవాడు. నుదుట విభూతి, చేతిలో తాళాల గుత్తి. మేము ఒకరితో ఒకరం మాట్లాడుకునేది విని ముఖం వెలిగించుకున్నాడు.

"అడడా, మనోళ్ళే! మాది కూడా తెలుగే సార్, తాతల కాలం నుంచి చాకలిపేట. మనోళ్ళకు అబద్ధం చెప్తానా?"

మనోళ్ళే అన్నవాణ్ణి మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ నమ్మలేదు. నేను నవ్వి, చొక్కా చేతులు మడిచాను.

బండి బాగా పెద్దది. తెల్లటి రేకు పెట్టె, ఫ్రిజ్ తలుపులాంటి తలుపు. లోపల రెండు పక్కలా ఒకదాని మీద ఒకటిగా ఎనిమిది మంచాలు, మధ్యలో నడిచే దారి, ఒక మూల స్టవ్వు, ఆ స్టవ్వును ఆనుకొనే బాత్రూము. పలచని చెక్క ఒకటే వాటి మధ్య మర్యాద కాపాడుతోంది.

"పదకొండు మంది హాయిగా పండుకోవచ్చు సార్."

"మంచాలు ఎనిమిదే ఉండాయే?"

"కింద చాప వేసుకుంటే ముగ్గురు. మనోళ్ళకు చాప అలవాటే గదా."

"బండి పోయేటప్పుడు?"

"పోయేటప్పుడు లోపల ఎవరూ కూర్చోకూడదు సార్. రూలు అట్ల. అందరూ ముందు కార్లోనే."

మా కారులో ఏడుగురు పడతారు. ఈ లెక్క చెయ్యడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు, మా అన్నదమ్ములిద్దరికీ ఉంది. మిగతా నలుగురు ఎలా వస్తారని ఆయన్ను నేనూ అడగలేదు, తమ్ముడూ అడగలేదు. ఇప్పుడు తలచుకుంటే అది కొంచెం వింతగానే ఉంది. అప్పుడు మాత్రం తమ్ముడు ఏసీ మీద చెయ్యి పెట్టి, "ఇంట్లో ప్లగ్గుకు పెడితే పగలంతా నడుస్తాదా?" అని అడుగుతున్నాడు. వానొస్తే పైకప్పు కారుతుందా అని నేను అడిగాను. నీళ్ళు కార్పొరేషన్ కుళాయి నుంచి నేరుగా ఎక్కించుకోవచ్చా అని తమ్ముడు. మెట్టు ఇంకొంచెం కిందికి దించవచ్చా అని నేను. అన్నిటికీ ఆయన పరవాలేదన్నాడు.

అత్త కింది మంచం మీద కూర్చొని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకొని, మా ముఖాల వైపు మార్చి మార్చి చూస్తోంది.

"ఎందుకు అమ్ముతుండారు?" అన్నాను.

"ఓనరు కోయంబత్తూరు వైపు పోయినాడు సార్. రెండు ట్రిప్పులే కొట్టినాడు. కొత్త బండి కిందే లెక్క."

అక్కడ నాలోని ఉద్యోగి లేచాడు. దిగి టైర్ల దగ్గర కూర్చున్నాను. గీతలు ఏమాత్రం అరగలేదు. కానీ రబ్బరంతా ఎండిన చెరువులా పగిలి ఉంది. అంటే తిరగలేదు, నిలబడింది; చాలా కాలమే నిలబడింది. లోపలికి వచ్చి కర్టెన్లు చూశాను. ఒక పక్కవి వెలిసిపోయి తెల్లగా, రెండో పక్కవి ముదురు నీలంగా ఉన్నాయి. తిరిగే బండికి ఎండ అన్ని పక్కలా తగులుతుంది. దీనికి ఒకే పక్క తగిలింది. అత్త కూర్చున్న మంచానికి ఎదురుగా గోడకు ఒక మేకు, దాని కింద క్యాలెండరంత మేర రంగు తేలిపోకుండా ఉంది. దాని పక్కనే వేలితో పెట్టిన కుంకుమ బొట్లు మూడు. బాత్రూములో కమోడు పక్కన, బాగా కిందికి, పట్టుకొని లేవడానికి స్టీలు కమ్మీ. మంచం తల దగ్గర ఒక కాలింగ్ బెల్లు బటను. దాని వైరు కిటికీ మూలలో పొడిచిన చిల్లులోంచి బయటికి పోయి, అక్కడ తెగి వేలాడుతోంది.

ఆఫీసులో ఇటువంటిది దొరికితే నేను కాఫీ తెచ్చుకొని, నలుగురినీ పిలిచి, నెమ్మదిగా చెబుతాను. ఆ రోజు కాఫీ లేదు. అంతే తేడా.

"రెండు ట్రిప్పులు కొట్టిందన్నారు. ఇది యాడికీ పోలేదు. ఒకే చోట నిలబెట్టినారు. దీంట్లో ఎవరో కాపురం ఉండినారు. వయసు మళ్ళినవాళ్ళు, ఒంటరిగా. బెల్లు కొడితే ఇంట్లో వినబడేటట్టు వైరు లాగినారు. మనోళ్ళకు అబద్ధం చెప్పనన్నారే?"

తమ్ముడు నావైపు చూసిన చూపులో అభినందన ఉందనుకున్నాను. కాదని తర్వాత అర్థమైంది. కళ్ళతోనే నన్ను ఆపమంటున్నాడు.

యార్డు మనిషి తాళాల గుత్తి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"అయ్యో, ఎందుకు సార్ దాచేది. ఒక పెద్దామె ఉండింది. ఓనరు వాళ్ళ చిన్నమ్మ. ఇల్లు చాల్లేదు, బిడ్డలు పెద్దోళ్ళయినారు. ఇంటెనకాల పెట్టి ఇచ్చినారు. బాగానే చూసుకున్నారు సార్, తప్పు చెప్పకూడదు. మూడు పూటలా ఆడికే పోయి అన్నం పెట్టొచ్చేవాళ్ళు."

బయట లారీ ఒకటి వెనక్కి వస్తూ పీప్ పీప్ మంటోంది. అప్పుడు బేరం వదులుకొని, నాలుగు తిట్లు తిట్టి, కారెక్కి ఉంటే నా పరిశోధనకు ఒక గౌరవం దక్కేది. తమ్ముడు గొంతు సవరించుకున్నాడు.

"ఆమెకు... ఎండాకాలం ఉక్కపోసేది కాదా?"

"ఏసీ ఉండాదే సార్. దుప్పటి కప్పుకొని పండుకునేది."

"బెల్లు కొడితే ఎంత దూరం వినబడేది?"

ఈ రెండో ప్రశ్న అడిగింది నేను. గొంతు నాదేనని గుర్తుపట్టడానికి నాకు ఒక క్షణం పట్టింది.

అత్త కింది మంచం మీద నుంచి లేచింది. కమ్మీ పట్టుకోలేదు, మా చెయ్యీ పట్టుకోలేదు. చేతిసంచి భుజానికి తగిలించుకొని, తలుపు దగ్గర ఒక మెట్టు దిగి ఆగింది.

"వచ్చినకాడి నుంచి వింటావుండా. బండి నిలబడితే ఎట్లుంటాదని అడిగినారు, పండుకుంటే ఎట్లుంటాదని అడిగినారు. పోతే ఎట్ల పోతాదని ఒక్కడూ అడగలేదేందిరా?"