చింపేసిన ఆటో బిల్లు

ఆఫీసు పని మీద చేసిన ఖర్చు అడగడానికి మీరెప్పుడైనా సిగ్గుపడ్డారా? నేను పడ్డాను.

కోరుట్లలో మా ఆఫీసు. పోయిన వేసవిలో అటెండర్ లక్ష్మక్కతో కలిసి శిక్షణకు సిరిసిల్ల వెళ్లాను. ఆడవాళ్లకు బస్సు ఉచితమే కానీ, బస్టాండు నుంచి ఆటోలకు ఇద్దరం చెరిసగం పెట్టుకున్నాం. తిరిగొచ్చి నా వాటాకు బిల్లు పెట్టబోతే, పక్క సీటాయన అందరికీ వినపడేలా అన్నాడు:

"బస్సు ఫ్రీ అయిపాయె, గిప్పుడు ఆటో పైసలు గూడ గావాల్నా మేడం?"

ఆఫీసంతా నవ్వింది. దేన్నైనా ప్రశ్నించమని సభల్లో ఉపన్యాసాలిచ్చే నేను, అక్కడికక్కడే బిల్లు చింపేశాను.

సాయంత్రం లక్ష్మక్క మెల్లగా అంది: "ఇంట్ల కూరగాయలకు పెట్టుకున్న పైసలు ఆటోకిచ్చిన మేడం. మీ ఎనుక నేను గూడ అడుగుదామనుకున్న. మీరే చింపినంక నేనెట్ల అడుగుత?"

ఆ నవ్వులకన్నా ఈ మాటకే నా తల వంగిపోయింది.

మీ వెనక కూడా ఎవరో ఒకరు చూస్తూ నిలబడి ఉంటారు. బిల్లు చింపకండి. అందరి ముందే అడగండి.